వెనక గోడ దగ్గర చోటు

దేవుని రాజ్యంలో ప్రవేశానికి సంబంధించి ఆళ్లగడ్డ తాలూకాలో అమలైన నిబంధనలన్నింటిలోకీ, కేసీ కాలువ పక్కనున్న ఆ చిన్న ఊరి క్రైస్తవ సంఘం చేసినవే సమగ్రమైనవి. (మిగతా ఊళ్లలో అసలు నిబంధనలే లేవు.)

డెబ్బై తొమ్మిదిలో నంద్యాల నుంచి వచ్చిన ఒక గురువుగారు, ఆ రాజ్యంలో వెనకున్నవాళ్లకే ముందు చోటు దొరుకుతుందని ప్రసంగించి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. పై ఆదివారం మందిరంలో ముందు చాపలన్నీ ఖాళీ. జనమంతా వెనక గోడకు అతుక్కుని కూర్చున్నారు. ఆ తర్వాత, ఆళ్లగడ్డ బస్సులో కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టినట్టు, శనివారం పొద్దుగూకక ముందే వచ్చి గోడవార తువ్వాళ్లు పరిచిపోసాగారు.

ఇందువల్ల నష్టపోయింది ప్రసన్నకుమారి. తలుపు పక్కనున్న బేతంచెర్ల నాపరాతి బండ మీద ఆమె చిన్నప్పటి నుంచీ కూర్చుంటోంది. వీపుకు గోడ, ముఖానికి గాలి, ప్రసంగం సాగితే ఒక కునుకు. తను ఎవరి కంటా పడకుండా వెనక కూర్చోవడాన్ని పరలోకంలో ఎవరో ఒకరు గమనిస్తూనే ఉంటారని ఆమెకు గట్టి నమ్మకం. ఇప్పుడా బండ మీద మిల్లు మేస్త్రీ భార్య లూదియా తువ్వాల ఉంది.

తగాదా ముదిరి, పెద్దలు ‘తగ్గింపు ఉపసంఘం’ ఏర్పాటు చేశారు. రిటైరైన టీచరు శాంతయ్య దానికి అధ్యక్షుడు. తమను తాము నిజంగా తగ్గించుకున్నవారికే వెనక చోటు, పరీక్షలో తప్పినవారికి ముందు చాపలు అని తీర్మానించారు. (అధ్యక్షుడికి మాత్రం, హోదాను బట్టి, వెనక మూల ముందుగానే ఖాయమైంది.) ప్రసంగం బల్లనే తలుపు దగ్గరికి జరిపితే వెనకే ముందవుతుంది కదా అని బాలస్వామి అనే కుర్రాడు అడిగాడు. ఉపసంఘం ఓపిగ్గా విని, అతన్ని ముందు చాపకు మార్చింది.

పరీక్ష నోటిమాటగానే జరిగింది. ఈ ఊర్లో తనంత తగ్గించుకునేది ఎవురుండారో చూపీమని లూదియా సవాలు చేసి, అక్కడికక్కడే తప్పింది. తర్వాత ప్రసన్నకుమారి వంతు వచ్చింది.

“ఏం పాపా, నువ్వు తగ్గించుకునేదానివేనా?” అన్నాడు శాంతయ్య.

“యాడ పెద్దయ్యా. నాకు శానా గర్వం.”

నీళ్లకు పోతూ వస్తూ వారమంతా సాధన చేసిన జవాబది. ఉపసంఘం కళ్లు చెమర్చాయి. బండ ఆమెకు ఖాయమైంది. (ఆమె చెప్పింది నిజమేనన్న సంగతి ఉపసంఘానికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.)

ఆ ఆదివారం ఆమె గోడకు ఆనుకుని, ముందు చాప మీదున్న లూదియా వీపును ఎంతో తగ్గింపుతో చూస్తూ కూర్చుంది. పాటలు అయిపోయాక నాగేశ్వరమ్మ వచ్చింది. ఒకరి చేలో కూలికి కలుపు తీసి, కాళ్లకు బురదతోనే పరుగున వచ్చింది.

“రవ్వంత జరుగు పాపా. నడుం పడిపోతాండాది, గోడకు ఆనుకుంటా.”

ప్రసన్నకుమారి శాంతయ్య వైపు చూసింది.

“పరీక్షకు రాకపోతివేమ్మా నువ్వు,” అన్నాడాయన మెల్లగా.

“కలుపుకు పోయింటిని గదప్పా. సర్లే, ముందర ఖాళీగా ఉండాది, ఆడ కూచుంటా.”

అవి పరీక్షలో తప్పినవారి చాపలనీ, పరీక్షకే రానిదాన్ని అక్కడ కూర్చోబెట్టి రాజ్యంలో ఆమెకు నష్టం కలిగించే అధికారం ఉపసంఘానికి లేదనీ శాంతయ్య ప్రేమతో వివరించాడు. నాగేశ్వరమ్మ గడప దాటి వెళ్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, బయట ఎండలో నిలబడింది. (ఆ రోజు అందరికంటే వెనక ఉన్నది ఆమే. కానీ అది గోడకు అవతల కాబట్టి లెక్కలోకి రాదు.)

ప్రసన్నకుమారికి మనసు చివుక్కుమంది. వెంటనే కళ్లు మూసుకుని నాగేశ్వరమ్మ కోసం ప్రార్థన మొదలుపెట్టింది. కళ్లు తెరిస్తే జరిగి చోటివ్వాల్సి వస్తుందేమోనని, కూటం ముగిసేదాకా ప్రార్థిస్తూనే ఉంది.