వైపర్ చెడితే బాగుపడతాం

ప్రతి ఇంట్లోనూ వైపర్ పనిచేయని కారు ఒకటి ఉండి తీరాలని నేను బల్లగుద్ది చెబుతున్నాను. ధ్యానం, వ్యాయామం, ఫ్యామిలీ కౌన్సెలింగ్ ఇవ్వలేని సుఖశాంతులు అరిగిన వైపర్ ఇస్తుంది!

నమ్మరా? వినండి.

వైపర్ ఊరికే ఊగదు. అద్దం కింద, బానెట్ చాటున ఓ మోటారు ఉంటుంది. దాన్నుంచి వైపర్ల దాకా ఇనుప కడ్డీలుంటాయి. కడ్డీ చివర గోలీ అంత ప్లాస్టిక్ కప్పు, అందులో ఓ ఇనుప గుండు. కప్పు అరిగిందా, గుండు జారిపోతుంది. మోటారు గుర్రుమంటూనే ఉంటుంది, వైపర్ మాత్రం ఉలకదు పలకదు.

మాది సరిగ్గా అమ్మాయి డ్రైవింగ్ టెస్టు ముందు మొండికేసింది. తనకు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. సొంత కారులో ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్లు తేవాలి. లైసెన్సు చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు. బయట చూస్తే ఒకటే వాన. ఇంకొకరైతే మెకానిక్ దగ్గరికి పరుగెత్తేవారు. నేను ఫోన్ తీసి వీడియో పెట్టాను.

వీడియోలో ఆసామి చిటికెలో ముగించిన పని నాకు ఆదివారమంతా పట్టింది. ఎంత లాభమో చూశారా? ఆ రోజంతా నేను టీవీ పెట్టలేదు, పక్కింటివాళ్లతో పోట్లాడలేదు, ఎవరికీ సలహాలివ్వలేదు. అరిగిన కప్పులో కూరడానికి రబ్బరు ముక్క కావలసి వచ్చింది. వంటింట్లో కనిపించింది, కోశాను.

సాయంత్రం మా ఆవిడ అడిగింది. "ఏవండీ, కుక్కర్ విజిల్ వేయట్లేదేంటి?"

"వాడి వాడి అలిసిపోయుంటుందిలే."

"గ్యాస్కెట్ ఇంతమేర ఎవరో కోసేశారు."

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువగా ఆవిడే మాట్లాడింది. మేమిద్దరం అంతసేపు కలిసి కూర్చుని ఎన్నాళ్లయిందో! ఈ దాంపత్య సౌఖ్యం ఏ మెకానిక్ బిగించి ఇస్తాడండీ?

ఇక టెస్టు సంగతి. వైపర్ తిరిగి బిగించేముందు మోటారును ఓసారి తిప్పి ఆపాలట. అప్పుడది తన చోటికి వచ్చి ఆగుతుందట. ఆ ముక్క వీడియో చివర్లో ఉంది. వీడియోలు చివరిదాకా చూసేది సొంత తెలివి లేనివాళ్లు కదా, నేను చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ గొడుగు వేసుకుని డ్రైవర్ కిటికీ పక్కన నిలబడ్డాడు. "వైపర్ వెయ్యమ్మా" అన్నాడు. అమ్మాయి వేసింది. వైపర్ అద్దం దాటి బయటికి దూకి ఆయన కళ్లజోడు లాగి బురదలో కొట్టింది. తిరిగొచ్చి బానెట్ మీద దరువేసింది.

"ఇది ఎవరు బిగించారమ్మా?"

"మా నాన్నగారండీ."

"ఆయన ఏం చేస్తుంటారు?"

"ఇలాంటివేనండీ."

"ముందు బండి బాగుచేయించుకు రా. నీ డ్రైవింగ్ తర్వాత చూస్తాను" అని ఆయన కళ్లజోడు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. కారు దిగిన అమ్మాయి కళ్లలో నీళ్లు చూసి, నిజం చెప్పొద్దూ, నా ప్రాణం ఉసూరుమంది. అయినా పిల్ల గట్టిది. డ్రైవింగ్ స్కూలు కారు అడిగి తెచ్చుకుని, టెస్టు పాసై, ఉద్యోగంలో చేరింది.

ఆ దరువుకు కారులో నేను కూరిన రబ్బరు కాస్తా ఊడిపోయింది. కొత్త కప్పు వేయించుకోవచ్చుగా అంటారా? నేనూ షోరూమ్‌లో అదే అన్నాను. "కప్పు విడిగా రాదు సార్. మోటారు, కడ్డీలు అన్నీ కలిపి సెట్టే తీసుకోవాలి" అన్నాడు కౌంటర్ ఆయన. చొక్కా గుండీ ఊడితే బీరువా మార్చమంటారా? అరికాలి మంట నెత్తికెక్కింది. పోనీ అని ఆ సెట్టే ఇమ్మంటే, అదీ స్టాకు లేదట, ఎప్పుడొస్తుందో తెలియదట!

అందుకని వైపర్లకు అటొకటి ఇటొకటి తాళ్లు కట్టి, కిటికీల్లోంచి లోపలికి తీశాం. వాన పడితే పక్క సీట్లోవాళ్లు అటూ ఇటూ లాగుతూ ఉండాలి. రోజూ పొద్దున్నే అమ్మాయి హారన్ కొట్టి పిలుస్తుంది. "నాన్నా, మబ్బేసింది. తొందరగా ఎక్కు."

కంపెనీవాళ్ల దగ్గర ఆ పార్టు విడిగా దొరకకపోతేనేం? మా ఇంట్లో రిటైరై ఖాళీగా ఒకటి దొరికింది.