నడిమధ్య నర్సింహమ్మ

ఆ ఏడు పెత్రమాస ఆదివారం పడింది. పోయిన పెద్దలకు విస్తరి వేసే ఆ పొద్దున ఎంకయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య నర్సింహమ్మ సమాధి ముందు అన్నం, గారెలు పెట్టాలి, కాకి ముట్టాలి, ఇంటికొచ్చి తానూ నాలుగు మెతుకులు తినాలి. కాకి ముట్టకపోతే ఆమె అలిగినట్టు. బతికుండగా ఆమె అలిగితే మూడు రోజులు పొయ్యి వెలిగేది కాదు.

సమాధి ఉన్నది ఇబ్రహీంపట్నం పక్కన, ఒకప్పుడు ఆయన దున్నుకున్న చెల్కలోనే. ఇప్పుడది ఇళ్ల ప్లాట్ల వెంచర్. సమాధి జోలికి రామని అమ్మినప్పుడు కొన్నవాళ్లు నోటిమాట ఇచ్చారు. ఆ తర్వాత యజమానులు మారారు. కొత్త ప్లాను గీసినవాడు ఈ నేల మొహం చూడలేదు గనుక, వాడు గీసిన గుండ్రానికి సరిగ్గా నడిమధ్య నర్సింహమ్మ వచ్చింది. శనివారమే కూల్చాల్సింది. "అమాస పోనియ్యిన్రి, గప్పటిదాంక సమాధి ముట్ట" అని జేసీబీ డ్రైవర్ మొండికేయడంతో పని సోమవారానికి పోయింది. అమాసైనా సెలవు రోజని వెంచర్ ప్రారంభం ఆదివారమే పెట్టారు కాబట్టి సమాధి మీద పచ్చ తివాచీ కప్పారు.

వారం కిందట ఎంకయ్య మేనేజర్ రితేష్‌ని అడిగాడు. "ఏంది బిడ్డా ఇది, బాయి తవ్వుతున్నరా?"

"యాంఫీథియేటర్ తాతా. సుట్టూ మెట్లు, మెట్ల మీద జనం కూసుంటరు. నడుమ నిలబడి ఎవలు మాట్లాడినా మైకు లేకుండనే పైమెట్టు దాంక ఇనపడతది."

ఆ మాట ఎంకయ్యకు నచ్చింది. సమాధి కోసం అర్జీ పట్టుకుని తిరిగిన ఏ గదిలోనూ ఆయన మాట బల్ల అవతలికి కూడా వినపడలేదు మరి.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన కొడుకు హన్మంతే. "బాపూ, ఇయ్యాల వద్దు. లోపట ప్లాట్లు కొనేటోళ్లు ఉన్నరు. నా నౌకరి పోతది."

"మీ అవ్వకు ఆకలైతదిరా" అని ముసలాయన లోపలికి నడిచాడు.

మెట్ల నిండా జనం. ఏదో కార్యక్రమం ఉంటుందని ఎదురుచూస్తున్నారు. ఎంకయ్య తివాచీ లాగేయగానే తెర లేచిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన విస్తరి పరిచి, "రావే నర్సింహా, తిను" అని పిలిచాడు. కాకి వచ్చి సమాధి మీద వాలింది. అబ్బ, కాకికి కూడా నేర్పారే అని అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. కాకి ఎగిరిపోయింది.

"సప్పుడు జెయ్యకున్రి, బెదురుతది!" అని అరిచాడు. దానికి ఇంకా గట్టిగా కొట్టారు. రెండోసారి వాలింది, రెండోసారీ పోయింది. ఎంకయ్య సమాధి మీద తల ఆనించి, "ఇంకా అలిగినవా" అని ఏడ్చాడు. ఫోన్లు పైకి లేచాయి.

హన్మంత్ పరుగెత్తుకొచ్చాడు. "బాపూ లే, నీ కాల్మొక్త!"

"కొడుకు వేషం కూడా మంచిగ కట్టిన్రు" అన్నారెవరో మూడో మెట్టు మీద. హన్మంత్‌కు అప్పుడు రాయి మీద తల్లి పేరు కనపడింది. వాడూ కూలబడి ఏడ్చాడు.

ఎంకయ్య లేచి చేతులు జోడించాడు. "అయ్యా, ఇది ఆట కాదు. ఇందుల నా పెండ్లాం ఉన్నది. రేపు జేసీబీ పెట్టి తవ్వుతరట. జర ఆపున్రి."

మైకు లేకుండానే పైమెట్టు దాకా వినపడింది. అందరూ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. కాకి ఇక రాలేదు.

రితేష్ తెల్లబోయిన మొహంతో దిగివచ్చాడు. వాడు నోరు తెరిచేలోపే కొనేవాళ్లు చుట్టుముట్టారు. "ఈ ఆట వారం వారం ఉంటదా?"

రితేష్ సమాధిని చూశాడు, వాళ్లను చూశాడు. "ఉంటది" అన్నాడు. "సమాధి కూడా గట్లనే ఉంటది."

అలా నర్సింహమ్మ మిగిలింది. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఎంకయ్య విస్తరి వేసి ఏడవాలి. మానేస్తే జేసీబీ వస్తుంది. మూడో వారానికి కాకి చప్పట్లకు అలవాటుపడి విస్తరి ముట్టింది. ఎంకయ్య ఆనందం పట్టలేక నవ్వేశాడు.

ఆట చెడగొట్టినందుకు సోమవారం ఆయనకు మెమో ఇచ్చారు.