గోరింక చెప్పందే పట్టెయ్యని రెక్క

ఒక పెద్ద అడవిలో అంతకన్నా పెద్ద లోయ ఒకటి ఉండేది. అదెలా కుదురుతుందని అడగొద్దు. కాలినడకన దిగి ఎక్కినవాళ్ళు చెప్పిన లెక్క అది.

అందుకే చిన్న జంతువులు లోయ దాటాలంటే బెగ్గురు కొంగల్ని ఆశ్రయించేవి. కొంగ కాళ్ళకు తీగలతో బుట్ట కట్టేవారు. బుట్టలో కూర్చుని కళ్ళు మూసుకుంటే, తెరిచేసరికి అవతలి గట్టు.

ఆ కొంగల్లో ముసలివాడు గవరయ్య. లోయమీది చలిగాలికి అప్పుడప్పుడూ కొంగల రెక్క కొయ్యబారి పట్టేసేది. గవరయ్యకు అలా మూడుసార్లు పట్టేసింది. మూడుసార్లూ బుట్టను కింద ఏటి ఇసుకమీద క్షేమంగా దించాడు. ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం ఎగరాలి. అతనికి వేరే కోరిక లేదు.

ఒక వానాకాలం, రెక్క పట్టేసి ఒక కొంగ బుట్టతో సహా ఏట్లో పడింది. అందులోని కుందేళ్ళు ఎలాగో బయటపడ్డాయి. పడ్డాక ఊరుకోలేదు. అడవి సభ కూడింది.

"ఇకమీదట రెక్క పట్టేస్తే ఏం చెయ్యాలో నేర్చుకుని, పత్రం పుచ్చుకున్న కొంగే లోయమీద ఎగరాలి" అంది సభకు పెద్ద అయిన ముంగిస.

నేర్పే పని నెమలి నీలకంఠం గారికి అప్పగించారు. ఆయన చింతకొమ్మ దాటి పైకి ఎగిరిన పాపాన పోలేదు. కానీ మాట్లాడేటప్పుడు పింఛం విప్పేవాడు. దాంతో ఎదుటివాళ్ళకు ఇంకేమీ కనిపించేది కాదు.

ఆయన ఒక గుహలో ఉయ్యాల కట్టించాడు. కొంగ దానిమీద నిలబడి రెక్కలు చాపాలి. ఎదురుగా ఎలుగుబంటి టేకాకులతో విసురుతుంది. అది గాలి. పక్కన కోతి, ఎడమరెక్కకు కట్టిన తీగ లాగి పట్టుకుంటుంది. అది ఆపద. లాగేముందు గోరింక "ఎడమరెక్క పట్టేసింది" అని కేక వేస్తుంది. కొంగ వెంటనే మెడ ముడిచి, కుడిరెక్క సగం దించి, కిందున్న గడ్డిమీదకు జారాలి.

"ఎప్పుడూ ఎడమరెక్కేనా?" అని గవరయ్య అడిగాడు.

"కుడివైపు గోడ ఉంది. కోతి కూర్చోడానికి చోటు లేదు" అన్నాడు నీలకంఠం.

"ఆ సంగతి రెక్కకు తెలుసా?"

"ప్రశ్నలు చివర్లో, తాతా."

కుర్ర కొంగలన్నీ పరీక్ష నెగ్గాయి. అందరికన్నా ముందు పైడిరాజు. గోరింక నోరు తెరిస్తే చాలు, గడ్డిమీద ఉండేవాడు.

గవరయ్య వంతు వచ్చింది. గోరింక కేక వేసింది. గవరయ్య మెడ తిప్పి తన ఎడమరెక్కను చూసుకున్నాడు.

"నా రెక్క బాగానే ఉందమ్మా" అన్నాడు.

"పట్టేసిందని అనుకో, తాతా" అన్నాడు నీలకంఠం.

"అనుకుంటే పట్టేస్తుందా? మొదటిసారి పట్టేసినప్పుడు నేను బుట్టలోవాళ్ళ నెత్తిన రెట్ట వేశాను. ఆ భయం ఏదీ, ఈ ఉయ్యాలమీద?"

"రెట్ట మన పాఠంలో లేదు" అన్నాడు నీలకంఠం. గవరయ్య పరీక్ష తప్పాడు.

పత్రం లేని కొంగ లోయమీద ఒంటరిగా కూడా ఎగరకూడదు. గవరయ్య గూడేమో అవతలి గట్టున ఉంది. చేసేది లేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బుట్టలో కూర్చున్నాడు. పక్కన ఒక ఉడుతమ్మ, ఒళ్ళో రెండు పిల్లలు. మోసేవాడు పైడిరాజు.

లోయ నడుమకు రాగానే బుట్ట కుడివైపు ఒరిగింది. గవరయ్య తలెత్తి చూశాడు. పైడిరాజు కుడిరెక్క కొయ్యలా బిగిసి ఉంది.

"ఒరే పైడిరాజూ, నీ కుడిరెక్క చూసుకో."

"దానికేం తాతా? గోరింక ఏమీ అనలేదుగా."

"గోరింక గుహలో ఉందిరా."

"అదే కదా. ఏదైనా ఉంటే అదే చెబుతుంది."

"బాబూ, ఏరు దగ్గరికొస్తున్నట్టుంది. నాకొక్కదానికేనా?" అంది ఉడుతమ్మ, పిల్లల్ని తోకకింద దాచుకుంటూ.

ఇక వాదించి లాభం లేదని గవరయ్య గొంతు సన్నం చేసి, అచ్చం గోరింకలా "రెక్క పట్టేసింది" అని కేక వేశాడు.

పైడిరాజు ఉలిక్కిపడి మెడ ముడిచాడు. కుడిరెక్క సగం దించబోయాడు. అది దిగితేగా.

"తాతా, పాఠం పనిచెయ్యట్లేదు" అన్నాడు.

"పాఠం బాగానే ఉందిరా, తిరగెయ్యి. ఎడమది సగం దించు. ఇసుకకేసి చూడు, నాకేసి కాదు."

బుట్ట గిర్రున ఒక చుట్టు తిరిగి, ఇసుకను దున్నుకుంటూ ఆగింది. పిల్లలు రెండూ బతికే ఉన్నాయి, పైగా మళ్ళీ ఎక్కుతామని మారాం మొదలుపెట్టాయి. కుర్రాడు మెడ మాత్రం చక్కగా ముడిచాడు. అది గుహ పుణ్యమేనని గవరయ్య మనసులో ఒప్పుకున్నాడు. పైకి అనలేదు.

విచారణ జరిగింది. నీలకంఠం పింఛం విప్పాడు.

"గుహలో ఇప్పటికి నూరుసార్లు రెక్క పట్టేసింది. ఒక్క ఈక ఊడలేదు. లోయలో ఒక్కసారి పట్టేస్తే ఇంత గొడవ. తప్పు గుహదా, లోయదా?"

సభ బాగా ఆలోచించి, లోయదే అని తేల్చింది. ఇకమీదట బుట్టకొక గోరింకను ఎక్కించాలని తీర్మానించింది. గవరయ్య పత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పైడిరాజు ఖాళీ బుట్టతో వచ్చాడు.

"తాతా, ఇసుకమీదుగా ఎగురుదాం రా. మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు నా రెక్క పట్టుకుని లాగు. ఏ రెక్కో, ఎప్పుడో చెప్పొద్దు."

"బుట్టలో కూర్చుంటే రెక్క అందదురా. పక్కన ఎగరాలి" అన్నాడు గవరయ్య. అప్పటికే రెక్కలు దులుపుకుంటున్నాడు.

మొదటి లాగుకే పైడిరాజు రెట్ట వేశాడు. "ఇప్పుడు పాఠం మొదలైంది" అన్నాడు గవరయ్య.

వారం తిరిగేసరికి కుర్ర కొంగలు ఏటి ఒడ్డున వరస కట్టాయి. సభకు తెలిసింది. గవరయ్యను పిలిపించారు. నేరాలు రెండు. పత్రం లేకుండా ఎగరడం ఒకటి. ముందుగా చెప్పకుండా ఆపద కలిగించడం రెండోది. రెండోదే పెద్దదట.

"ఇకనైనా చెప్పి లాగుతావా?" అని ముంగిస అడిగింది.

"చెప్పను" అన్నాడు గవరయ్య.

అలాంటి మొండివాడు మళ్ళీ గుహ గడప తొక్కకూడదని సభ కఠినంగా శిక్ష వేసింది. గవరయ్య తలవంచి శిక్షను స్వీకరించి, ఏటివైపు ఎగిరిపోయాడు.

నీతి: ఆపద అన్నాక ముందుగా కబురు పెట్టి ఎడమవైపు నుంచే రావాలి; అలా రాకపోతే నేర్పినవాళ్ళ పూచీ లేదు.