కొలతకు సరిపోయిన మెమరీ

అక్క ప్రయాణం నుంచి తిరిగొచ్చేలోగా కంప్యూటర్‌కు కొత్త ర్యామ్ వేసి మెప్పు పొందాలని తమ్ముడు ఆ ఉదయం నిశ్చయించుకున్నాడు. టైలరింగ్ షాపు అక్కది, కత్తెర అక్కది, కోపమూ అక్కదే. తమ్ముడి వాటాకు కాజాలు, గుండీలు, భయం వచ్చాయి. మధ్యాహ్నం ఆమె రాగానే వాద్యబృందం కోట్లు కత్తిరించాలి. ఆ గుడ్డ పాడైతే మళ్లీ దొరకదు. పోయినేడాది తీసిన కొలతలన్నీ నత్తనడక నడిచే ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

పాత ర్యామ్ ఊడబీకి, టేపుతో కొలుచుకుని, కంప్యూటర్ల షాపుకు వెళ్లాడు.

"ఏ రకం ర్యామ్, డీడీఆర్ త్రీనా, ఫోరా?" అన్నాడు షాపతను.

"పొడవు చెప్పాను కదండీ."

"పొడవు అన్నిటికీ ఒకటేనండీ. మీ మదర్‌బోర్డుకి ఏది పడుతుందో తెలియాలి."

"పెద్ద నంబరున్నది ఇచ్చేయండి."

తెచ్చి పెడితే పొడవు అచ్చంగా సరిపోయింది, మధ్యలో గాటే కాస్త పక్కకు జరిగి ఉంది. కోటు పట్టకపోతే సరిచేయడం తనకు కొత్తా? ఆకురాయితో గాటును వెడల్పు చేసి, బలంగా నొక్కి, స్విచ్ వేశాడు. కంప్యూటర్ కీచుమంది. తెర నల్లగానే ఉండిపోయింది.

ర్యామ్ అంటే మెమరీ, అది ఊడబీకింది తనే, కాబట్టి కొలతలన్నీ తుడిచిపెట్టుకుపోయాయనుకున్నాడు. పాతది మళ్లీ ముట్టుకోవడానికి చేతులు రాలేదు. బృందంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "కొలతలు మళ్లీ తీయాలి, వెంటనే రండి. ఎందుకని మాత్రం అడక్కండి."

అడగొద్దన్నాక ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా? గుడ్డ చాలక కొందరిని బృందం నుంచి తీసేస్తున్నారని పుకారు లేచింది. అందరూ పడుతూ లేస్తూ వచ్చారు.

"నన్ను తీసేయకు బాబూ, ఊపిరి బిగబట్టి నిలబడతాను," అని వయొలిన్ ఆవిడ బతిమాలింది.

"నా బృందంలో మనిషిని తీసేయడానికి నువ్వెవడివిరా?" అని బ్యాండ్‌మాస్టర్ గర్జించాడు. తమ్ముడు టేపు చుట్టి ఆయన నడుం కొలిచాడు.

వరసలో చివరి మనిషి కొలతలిచ్చి వీధి మలుపు దాటేసరికి అక్క టాక్సీ దిగింది. విప్పి ఉన్న కంప్యూటర్‌ను చూసి కూడా ఆమె అరవలేదు.

"ఏం చేశావురా?"

అంతా చెప్పేశాడు. అక్క కొత్తది పీకి పారేసి, పాతదాన్ని పక్క గాడిలో పెట్టి స్విచ్ వేసింది. కంప్యూటర్ మూలుగుతూ లేచింది. కొలతలన్నీ భద్రంగా ఉన్నాయి.

"ర్యామ్ అంటే మన కత్తిరింపు బల్లరా. పనయ్యేదాకే గుడ్డ దాని మీద ఉంటుంది. దాచుకునే బీరువా వేరే ఉంది. బల్ల తీసేస్తే బీరువా ఖాళీ అవుతుందా?"

తమ్ముడు తల వంచుకుని కొత్త కొలతల కాగితం అందించాడు. చింపేయబోతూ అక్క ఆగింది. తెరవైపు చూసింది, కాగితంవైపు చూసింది. వయొలిన్ ఆవిడ నడుం, డ్రమ్మర్ ఛాతీ, బ్యాండ్‌మాస్టర్ పొట్ట... ఒక్కటీ పాతదానితో కలవలేదు. పాత కొలతలతో గుడ్డ మీద కత్తెర పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని, ఆమె మొదటిసారి భయంతో కుర్చీలో కూలబడింది.

"కాఫీ తాగుతావురా?" అంది మెల్లగా.

ఏడాదిలో అందరూ పెరిగారు. పెరగనిది కంప్యూటర్ మెమరీ ఒక్కటే.