నాలుగు నీలం స్టిక్కులు

ఆ శనివారం పొద్దున షాలేమ్‌రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పూల్ హాలు తెరిచేలోపు నాలుగు స్టిక్కులకూ ఒకే రంగు పూసెయ్యాలి. ఆరగానే గోడకు నిలబెట్టాలి. ఇక ఈ జన్మకు ఆ కొట్లాట వినకూడదు.

భద్రాచలం బస్టాండు వెనక సందులో అతని హాలు. హాలంటే రేకుల గది, అందులో పొడుగాటి స్టిక్కులతో బంతుల్ని కొట్టి ఆడే టేబుల్ ఒకే ఒక్కటి. ఆ టేబుల్ కూడా అతనిది కాదు, భార్య మహిమ అన్న జయరాజ్‌ది. మిరపకోతల మేస్త్రీ వెంట ఊరూరా తిరిగి నడుం విరగ్గొట్టుకున్న చెల్లెలి మొగుణ్ని చూసి, ఖమ్మం బదిలీ అయి పోతూ పోతూ జయరాజ్ దాన్ని వదిలి వెళ్లాడు. ఖమ్మంలో కిరాయి గదికి తాళం సరిగ్గా పడదని తన సొంత స్టిక్కునూ ఇక్కడే ఉంచాడు.

"వారం వారం నూనె పెట్టు. ఎవ్వని చెయ్యి పడొద్దు. దానికేమన్నా అయిందో, టేబుల్ ఎత్తుకపోత," అన్నాడు. నవ్వుతూ అనలేదు. జయరాజ్ ఏదీ నవ్వుతూ అనడు.

కొన్నాళ్లు ఎవరి చెయ్యీ పడలేదు. ఆ తర్వాత పక్క చికెన్ కొట్టు జానీ మియా, "ఒక్క షాట్ భాయ్, ముట్టి ఇస్త," అన్నాడు. ముట్టాడు, ఇవ్వలేదు. అప్పటినుంచి హాలుకొచ్చిన ప్రతివాడికీ అదే కావాలి. మిగతా మూడింటికీ పేర్లు పడ్డాయి. బరువుగా ఉందని ఒకటి రోకలి, తేలిగ్గా ఉందని ఒకటి చీపురుపుల్ల, మొదలు దగ్గర పగిలింది గనుక మూడోది కుంటిది. ఓడినవాడల్లా స్టిక్కునే తిట్టేవాడు. చివరికి శుక్రవారం సాయంత్రం బావ స్టిక్కుకు జానీ మియా ఒక కొసా, ఆటో బొజ్జయ్య ఒక కొసా పట్టుకుని గుంజుకుంటుంటే షాలేమ్‌రాజు మధ్యలో దూరి విడిపించాడు.

అందుకే ఈ రంగు. చర్చి కిటికీలకు వేయగా మిగిలిన నీలం పెయింటు ఇంట్లో ఉండనే ఉంది. పట్టు రావాలని ముందు సాన్‌పేపర్‌తో నాలుగింటినీ బాగా గీకాడు. గుర్తులూ గీతలూ అన్నీ పోయాయి. కుంటిదాని పగులులో లప్పం కూరాడు. కొసలకు కొత్త తోలు టిప్పులు అంటించాడు. బావ స్టిక్కు ఏదో అతనికైనా తెలియాలి కదా అంటే, తెలుస్తుందనే అతని నమ్మకం. ఇన్నాళ్లు నూనె రాసిన చెయ్యి.

రంగు ఇంకా పూర్తిగా ఆరకముందే ఫోను మోగింది.

"షాలేమూ, మధ్యాహ్నం బస్సుకొస్తున్న. రేపు ఖమ్మంల మ్యాచ్ ఉంది. నా స్టిక్కు తుడిచిపెట్టు."

"అట్లనే బావా," అన్నాడు షాలేమ్‌రాజు.

గోడ దగ్గరికి వెళ్లి మొదటి స్టిక్కు చేతిలోకి తీసుకున్నాడు. బావదే. రెండోది తీసుకున్నాడు. అదీ బావదే. మూడోది పట్టుకుంటే ఆ రెండింటికంటే ఎక్కువ బావదిలా ఉంది. నాలుగోదానికి మాత్రం లప్పం బొడిపె బొటనవేలికి తగిలింది. అది కుంటిది. దాన్ని మూలకు నెట్టి, మిగిలిన మూడింటి ముందు తలపట్టుకుని కూర్చున్నాడు.

కబురందుకుని జానీ మియా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, వెనకాలే బొజ్జయ్య.

"నువ్వే చెప్పాలె జానీ భాయ్. రోజూ దాంతోనే ఆడితివి."

"గింత చిన్న పనికి ఏడుస్తవేంది? వంకర లేంది మీ బావది. దొర్లిస్తే తెలుస్తది."

టేబుల్ మీద దొర్లించారు. కారి గడ్డకట్టిన పెయింటు బొట్ల వల్ల మూడూ ఎగిరెగిరి పడ్డాయి.

"మూడూ పెండ్లి బరాత్‌ల డ్యాన్స్ చేస్తున్నయ్," అన్నాడు బొజ్జయ్య. "తూకమేద్దాం పట్టు."

చికెన్ కొట్టు కాంటా మీద ఒక్కొక్కటే అడ్డంగా పెట్టారు. జానీ మియా కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశాడు.

"ఇదేంది భాయ్! రోకలి, చీపురుపుల్ల అని తిట్టినం గానీ, మూడింటికీ కోడికాలంత తేడా లేదు!"

"తూకంతోని ఏమైతది?" బొజ్జయ్య మాట మార్చాడు. "కొట్టి చూడాలె. మంచి స్టిక్కు బంతిని ముట్టంగనే చేతికి చెప్తది."

ఒకటి తీసుకుని వంగి గురిపెట్టాడు. ఆరని రంగు వేళ్లకు అంటుకుని స్టిక్కు ముందుకు జరగలేదు. బలంగా తోస్తే వేళ్ల మీది వెంట్రుకలు ఊడొచ్చాయి గాని బంతి కదల్లేదు. షాలేమ్‌రాజు ఇంట్లోకి పరిగెత్తి మహిమ పౌడరు డబ్బా తెచ్చాడు. పౌడరు చల్లి కొట్టారు, మళ్లీ చల్లి కొట్టారు. చివరికి జానీ మియా మొదటిది బావదని ఒట్టేశాడు. బొజ్జయ్య రెండోదని ఒట్టేశాడు. "నీకేం తెలుసురా" అంటే "నీకేం తెలుసు" అనుకుంటూ ఇద్దరూ మళ్లీ చెరో కొసా పట్టుకున్నారు. దేన్ని మాన్పించడానికి రంగు వేశాడో అదే మళ్లీ మొదలైంది.

డబ్బా వెతుక్కుంటూ వచ్చిన మహిమ గుమ్మంలో ఆగిపోయింది. పిండి మరలోంచి వచ్చినట్టున్న ముగ్గురినీ, నీలం స్టిక్కులనూ చూసింది. ఆమె ముఖంలో గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది.

"మా అన్నకు చెప్పినవా?"

"అన్నం తిన్నంక చెప్త."

"నేనైతే అబద్ధమాడ."

"నిన్నెవరు ఆడమన్నరు? ఊకుండు చాలు."

జయరాజ్ వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, విస్తరి ముందు కూర్చున్నాడు. స్టిక్కు సంగతి ఇంకా ఎత్తలేదు. షాలేమ్‌రాజు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

"ప్రార్థన చెయ్యి మహీ," అన్నాడు జయరాజ్.

మహిమ కొంగు తల మీదికి లాక్కుంది. "ప్రభువా, ఈ అన్నం ఇచ్చినందుకు వందనాలు. మా అన్నను క్షేమంగ తెచ్చినందుకు వందనాలు. నా మొగుడు చేసిన పని నీకు తెలుసు తండ్రీ. మా అన్నకు ఇంకా తెలువదు. తెలిసిన గడియల ఆయనకు శాంతం దయచెయ్యి..."

ఆమెన్ కాకముందే జయరాజ్ కళ్లు తెరిచాడు.

తినకుండానే అందరూ హాల్లోకి నడిచారు. జయరాజ్ గోడకున్న నీలం స్టిక్కుల ముందు అటూ ఇటూ నడిచాడు.

"నాలుగూ తీసుకరా," అన్నాడు చివరికి. "మూలకున్నది గూడ. కండ్లకు తువ్వాల కట్టు. నా స్టిక్కు నాకు తెలువదా?"

మొదటిదాంతో కొట్టాడు. "ముక్కు బరువు. కిందికి దిగుతది." రెండోదాంతో కొట్టాడు. "ఇది డప్పు. మోత తప్ప మాట లేదు." మూడోది: "కొట్టినంక వణుకుతది. చలిజరమొచ్చిన దాని లెక్క." నాలుగోదాన్ని వేళ్ల మీద నిలబెట్టాడు, నిమిరాడు, కొట్టాడు. బంతి పాకెట్లో పడిన చప్పుడుకు అతని ముఖం విప్పారింది.

"ఇదీ నా స్టిక్కు! ఎనక బరువు, ముందు నిదానం. బంతికి యాడ తగిలిందో అరచేతికి చెప్తది. చీకట్ల పెట్టినా నా నుంచి దాగదు."

అది కుంటిది.

జానీ మియా రేకుల వైపు చూశాడు. బొజ్జయ్య ఆటో చూసొస్తానని బయటికి పోయాడు. షాలేమ్‌రాజు బావ కళ్లకున్న తువ్వాలు విప్పాడు. నిజం చెబితే టేబుల్ ఇప్పుడే పోతుంది, చెప్పకపోతే రేపు బావ మ్యాచ్ ఓడాక పోతుంది. రేపటికే మొగ్గాడు. మహిమ మళ్లీ కొంగు సర్దుకోబోతుంటే, ప్రార్థన వద్దని కళ్లతోనే బతిమాలాడు.

"రంగేసినందుకు ఏమనను," అన్నాడు జయరాజ్ బస్సెక్కుతూ. "రేపు ఓడిన్ననుకో, సోమవారం వ్యాన్ వస్తది."

ఆదివారం చర్చిలో షాలేమ్‌రాజు ఎటు చూసినా నీలం కిటికీలే. లప్పం పెట్టిన స్టిక్కును గెలిపించమని ఎట్లా అడగాలో తెలియక ఏమీ అడగలేదు. సాయంత్రం బావకు ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. మహిమ అన్నం పెట్టింది, ఇద్దరూ ముట్టలేదు. మిరపకోతల మేస్త్రీ నంబరు ఇంకా ఫోనులో ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. ఉంది.

సోమవారం పొద్దున్నే వ్యాన్ వెనక్కు జరుగుతూ సందులోకి వచ్చింది. షాలేమ్‌రాజు అడగలేదు, ఆపలేదు. బంతులు తీసి సంచిలో వేశాడు, టేబుల్ మీద దుప్పటి కప్పాడు. మహిమ దుప్పటి కొస సర్దుతూ ఏడ్చింది. డ్రైవర్ దిగి వెనక తలుపు తీసి, తాడుతో కట్టిన కట్టెలమోపంత కట్టను గుమ్మంలో దించాడు. అన్నీ స్టిక్కులే. అప్పుడే ఫోను మోగింది.

"షాలేమూ, గెలిచిన! నిన్న ఊరేగింపుల ఫోను నీళ్లల్ల పడి, ఇప్పుడే పనిచేస్తున్నది. ఏం రంగేసినవయ్యా! పట్టుకుంటే చెయ్యి జారుతలేదు. నా స్టిక్కు గింత మంచిగ ఎన్నడూ ఆడలే. టేబుల్ ఇగ నీదే పో! క్లబ్బోళ్లందరు మాకూ అదే రంగు కావాలని ఎంటబడితే పంపిచ్చిన. పానం లెక్క చూసుకునే స్టిక్కులు, పైలం. మొదలు సాన్‌పేపర్ కొట్టుడు మరువకు."

షాలేమ్‌రాజు కట్ట చుట్టూ తిరిగి చూశాడు. "బావా, దేనిమీదా పేర్లు లెవ్వు. ఏది ఎవరిదో..."

"పేర్లెందుకు? ఎవని స్టిక్కు వాని చేతికి తెలుస్తది."

షాలేమ్‌రాజు ఫోను జేబులో పెట్టుకుని, పోయేటప్పుడు బండి ఖాళీయేనా, ఈ కట్టతో పాటు ఒక టేబుల్ కూడా పడుతుందా అని డ్రైవర్‌ను అడిగాడు.