నలభై ఒకటో చీటీ

సోమవారం పొద్దున జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకల్లా ఆఖరి చీటీ రాసెయ్యాలి. పదకొండుకి అన్ని చీటీలకీ నకళ్లు తీయాలి. పన్నెండుకి కట్ట తీసుకెళ్లి సంపాదకుడి బల్ల మీద పెట్టి, వారం రోజులుగా అద్దం ముందు వల్లె వేస్తున్న వాక్యం ఒప్పజెప్పాలి. "సార్, నా పనైపోయింది కనక నన్ను పెద్ద గదిలోకి మార్చండి." అందులో 'కనక' ఉండాలా వద్దా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.

జీ అతని అసలు పేరు కాదు. అది ఇంగ్లీషు-స్పానిష్ నిఘంటువు తయారుచేసే ఆఫీసు. అక్కడ ఎవరు ఏ అక్షరం మీద పనిచేస్తే వాళ్లకి ఆ అక్షరమే పేరు. ఎస్ మీద ఆరేళ్లుగా కూర్చున్న పెద్దావిడ అందరికీ ఎస్ అక్క. కొత్తగా చేరి, చోటు లేక వరండాలో కూర్చుంటున్నాయన హెచ్ గారు. క్యూ గారు తన అక్షరాన్ని మూడు వారాల్లో ముగించేసి, ఆ పేరు నలుగురి నోటా పడకముందే యు గారైపోయాడు. అసలు పేర్లు హాజరుపట్టీలో ఉండేవి. వాటిని ఎవరూ పలికేవారు కాదు.

పెద్ద గదిలో పదకొండు బల్లలు. జీ చేరిన రోజున అక్కడ చోటు లేక, తాత్కాలికమని చెప్పి, పక్కనున్న పాత కాగితాల గదిలో అతనికి బల్ల వేశారు. ఆ తాత్కాలికానికి రెండేళ్లు నిండాయి. రెండు గదులకీ మధ్య పల్చటి చెక్కగోడ. అవతల ఎవరో ఏదో అంటారు, అందరూ గొల్లుమంటారు. జోకు గోడకి అవతలే ఆగిపోయేది, నవ్వు మాత్రం ఇవతలికి వచ్చేది. ఈమధ్య పెద్ద గదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీ అయింది. అక్షరం పూర్తిచేసినవాళ్లకి అది ఇస్తామని సంపాదకుడు నోటీసు కూడా పెట్టాడు. జీకి తన అక్షరంలో మిగిలింది ఒకే ఒక్క క్రియ. దాని పేరు 'గెట్'.

ఆ ఒక్కదానికే ఏడు నెలలు పట్టింది. ఇంగ్లీషువాడు గెట్ అనే ఒక్క పనిమనిషిని పెట్టుకుని ఇల్లంతా నెట్టుకొస్తాడు. స్పానిష్‌వాడికి ఆ పనులకి గదికో మనిషి కావాలి. సంపాదిస్తే ఓబ్తెనెర్, అందుకుంటే రెసిబిర్, చేరితే యెగార్, బోధపడితే ఎన్తెందెర్, పెళ్లాడితే కసార్సే. లెక్క పెడితే నలభై ఒక్క అర్థాలు తేలాయి.

"ఒక్క మాటకా నాయనా? ఏడు నెలలా?" అని ఫోనులో అడిగింది తల్లి. ఆవిడకి చదువు రాదు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే.

"ఒక్క మాటేనమ్మా. కానీ నలభై ఒక్క రకాలుగా వాడతారు."

"పోనీలే, మీ నాన్న 'ఊఁ' అన్నది కూడా అన్ని రకాలుగానూ ఉంటుంది. నాకెవరూ జీతం ఇవ్వలేదు."

ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ. ముందువైపు ఇంగ్లీషులో ఒక ఉదాహరణ, వెనకవైపు అర్థం సంఖ్య, స్పానిష్ మాట. ఉదాహరణల విషయంలో సంపాదకుడిది ఒకటే మాట: "పిల్లి బల్ల కింద ఉంది, కుక్క బల్ల మీద ఉంది అని రాయకండి. మనుషులు నిజంగా అనుకునే మాటలు రాయండి. బతుకులోంచి రాయండి." జీ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. బతుకులోంచే రాశాడు. పాతిక చీటీలయ్యేసరికి అతని బతుకు అయిపోయింది. అక్కణ్ణుంచి కల్పించుకున్నాడు.

ఆఖరి చీటీ మాత్రం పదిన్నరకి తెమల్లేదు. నలభై ఒకటో అర్థం: ఎవరైనా వచ్చి మనల్ని వెంటబెట్టుకుని పోవడం. స్పానిష్ మాట సులువే, బుస్కార్. ఉదాహరణే కలం దాకా రాలేదు. స్టేషనుకి ఎవరో వచ్చారని రాసి కొట్టేశాడు. బడి నుంచి తీసుకెళ్లడానికి వచ్చారని రాసి అదీ కొట్టేశాడు. పెళ్లి కల్పించడానికి పడని కష్టం దీనికి పడింది. చివరికి ఆ చీటీని అలాగే ఉంచి, నలభై చీటీలతో నకళ్ల యంత్రం దగ్గరికి వెళ్లాడు.

యంత్రం అద్దం మీద పేజీకి ఆరు చీటీలు పట్టేవి. నాలుగో పేజీ దగ్గరా ఆరో పేజీ దగ్గరా యంత్రం కాగితాన్ని మింగి గుర్రుమంది. రెండుసార్లూ అతను దాని వీపు మీద తట్టి, ఆ పేజీలు మళ్లీ తీసుకుని వెళ్లిపోయాడు. అరగంట తర్వాత ఎస్ అక్క యంత్రం తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి లాగింది. ముందు ఒక కాగితం వచ్చింది. వెనక ఉన్న సంఖ్యలు నకలులో పడవు కదా. ఒకదాని కింద ఒకటిగా ఆరు ఇంగ్లీషు వాక్యాలు, జీ చేతిరాతలో:

'మొన్న వానలో తడిసిపోయాను. మర్నాడే జబ్బున పడ్డాను. మంచినీళ్లు తెచ్చి ఇచ్చే దిక్కు లేదు. మూడు రోజులకి లేచాను. ఒక్కరికీ సంగతి అర్థం కాలేదు. రోజురోజుకీ చిక్కిపోతున్నాను.'

ఆరు వాక్యాల్లోనూ ఒకే క్రియ ఉన్న సంగతి నిఘంటువు ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. ఇంగ్లీషులో ఆ క్రియ లేకుండా ఉత్తరం రాసినవాడెవడు గనక?

ఎస్ అక్క తన సొరుగులోని మాత్రలన్నీ కొంగులో పోసుకుని కాగితాల గదికి వచ్చింది. రెండేళ్లలో ఆవిడ ఆ గడప దాటడం అదే మొదలు.

"ఏం తమ్ముడూ, మాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

జీ లేచి నిలబడ్డాడు. మూడు వారాల కిందట దగ్గిన దగ్గు గురించి అనుకున్నాడు. "ఇప్పుడు తగ్గిందండీ."

"తగ్గిందంట. మొహం చూడు, ఆరేసిన గుడ్డలా ఉంది. లే, క్యారేజీ తీసుకో. ఇవాళ మాతోనే తినాలి."

జీ క్యారేజీ తీసుకున్నాడు. సంపాదకుడి దగ్గరికి వెళ్లాల్సిన పన్నెండు అలా దాటిపోయింది.

ఈలోగా యంత్రం కడుపులోంచి రెండో కాగితం అటెండరు బాబాయికి దొరికింది. ఆయన దాన్ని పెద్ద గది మధ్యలో నిలబడి చదివాడు:

'ఒక ఉత్తరం వచ్చింది. ఆమెకి కోపం తొందరగా వస్తుంది. అయినా మా ఇద్దరికీ పొసగుతుంది. వచ్చే నెలలో పెళ్లి చేసుకుంటున్నాం. వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. నెలాఖరుకి ఇక్కణ్ణుంచి బయటపడుతున్నాను.'

జీ క్యారేజీతో గుమ్మంలోకి వచ్చేసరికి పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. రెండు బల్లలు దగ్గరికి జరిపి, మధ్యలో అతనికి చోటు ఉంచారు. చేతిలో పెట్టిన కాగితం చూడగానే అతనికి సంగతంతా బోధపడింది. ఎన్తెందెర్, ఇరవై మూడో అర్థం. నోరు తెరిచాడు. అప్పుడే యు గారు అతని పళ్లెంలో కూర వేశాడు. ఇటునుంచి ఎస్ అక్క పెరుగు జరిపింది. జీ తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. ఈ ముద్ద అయ్యాక చెబుదామనుకున్నాడు.

"అమ్మాయి ఎలాంటిదోయ్?" అన్నాడు యు గారు.

అబద్ధం ఆడటం జీకి చేతకాదు. ఉదాహరణ చెప్పడం వచ్చు. "కోపం తొందరగా వస్తుందండీ."

"అది చదివాం. ఇంకా?"

ముప్ఫయి ఏడో చీటీ గుర్తొచ్చింది. "రైలెక్కే హడావిడిలో గొడుగు మర్చిపోతుంది." ముప్ఫయి ఎనిమిదోది కూడా చెప్పాడు. "వంటలో ఉప్పు ఎప్పుడూ సరిగా పడదు."

"పెళ్లికి ముందే ఇంత నిజాయితీగా ఉన్న పెళ్లికొడుకుని నేను చూళ్లేదు," అన్నాడు అటెండరు బాబాయి. "నాకు ఉప్పు సంగతి పెళ్లయ్యాకే తెలిసింది."

అందరూ నవ్వారు. జీ కూడా నవ్వాడు. గోడకి అవతల ఆ నవ్వు ఎలా వినిపిస్తుందో అతనికి తెలుసు. పెరుగన్నం అయ్యాక చెబుదామనుకున్నాడు. చేతులు కడుక్కున్నాక చెబుదామనుకున్నాడు. చేతులు కడుక్కునేటప్పుడు తువ్వాలు అందించింది ఎస్ అక్క. తడిచేతులతో నిజం చెప్పడం బాగుండదని ఊరుకున్నాడు.

మూడింటికి అతను చెక్కగోడ పక్కనుంచి తొంగిచూస్తే, అటెండరు బాబాయి ఒక సొరుగు మోసుకుని కిటికీ వైపు వెళ్తున్నాడు. వెనకే హెచ్ గారు సిరాబుడ్డి పట్టుకుని నడుస్తున్నాడు.

"బాబాయ్, ఆ కుర్చీ..." అన్నాడు జీ.

"నీకే అనుకున్నార్రా అబ్బాయ్. అయ్యగారు పొద్దున కాగితం మీద రాసి కూడా పెట్టారు. నువ్వు నెలాఖరుకి పోతున్నావని తెలిసి కొట్టేసి హెచ్ గారి పేరు రాశారు. పోయేవాడికి కిటికీ ఎందుకు చెప్పు. నాలుగింటికి నీకు వీడ్కోలు సభ. తల దువ్వుకుని రా."

జీ సంపాదకుడి గదికి పరుగెత్తాడు. ఆయన గదిలో లేడు. సభకి కావలసిన కుర్చీలు ఆయనే స్వయంగా వేయిస్తున్నాడు.

నాలుగింటికి సభ మొదలైంది. సంపాదకుడు లేచి, జీ గారు మితభాషి అన్నాడు. అంతకన్నా చెప్పడానికి ఏమీ దొరక్క గొంతు సవరించుకుని కూర్చున్నాడు. యు గారు కూడా మితభాషి అన్నాడు. హెచ్ గారు, తనకి పరిచయం తక్కువైనా జీ గారు మితభాషి అని విన్నానన్నాడు. ఎస్ అక్క లేచింది. "నిజం చెప్పాలంటే ఈ అబ్బాయి గురించి నాకేమీ తెలీదు. పదకొండింటికి గోడకవతల కుర్చీ కిర్రుమనేది. అది వినపడితే టీ టైమైందని లేచేదాన్ని. రెండేళ్లు గడియారంలా వాడుకున్నాను. లోపల మనిషున్నాడా అని చూడలేదు." తర్వాత ఒక అట్టపెట్టె అతని చేతిలో పెట్టారు. అందులో రెండు టీ కప్పులు, జంటవి.

జీ లేచాడు. వారం నుంచి వల్లె వేసిన వాక్యం ఒకటే నోటికి వచ్చేలా ఉంది. దాన్ని మింగేశాడు.

"పెళ్లి లేదండీ," అన్నాడు. "ఉద్యోగం కూడా రాలేదు. నేను ఎక్కడికీ వెళ్లడం లేదు. అవి ఉదాహరణలు."

యు గారు పక్కాయన చెవిలో అన్నది అందరికీ వినపడింది. "పాపం, సంబంధం తప్పినట్టుంది. చెప్పుకోలేక ఉదాహరణలంటున్నాడు."

"ఊరుకో బాబూ, ఇంకో సంబంధం వస్తుందిలే," అంది వెనకనుంచి ఒకావిడ.

పొద్దుణ్ణుంచి కల్పించింది చెబితే లేని అనుమానం నిజం చెబితే వచ్చింది. జీ కాగితాల గదికి పోయి చీటీల కట్ట తెచ్చి బల్ల మీద తిరగేసి పరిచాడు. పంతొమ్మిది, తడవడం, మొహార్సే. ఇరవై, జబ్బుపడటం, ఎన్ఫెర్మార్. ముప్ఫయి నాలుగు, కసార్సే. పదకొండు తలలూ బల్ల మీదికి వంగాయి. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా పడిపడి నవ్వింది. రెండేళ్లలో మొదటిసారి నవ్వూ జోకూ జీకి ఒకే గదిలో దొరికాయి. జోకు తనే.

ఎస్ అక్క నవ్వలేదు. మొదటి కాగితం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. "మరి ఆ దగ్గు?"

"అది నాదేనండీ."

"ఈ మంచినీళ్లు?"

"నేనే లేచి తెచ్చుకున్నాను."

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది.

సంపాదకుడు కళ్లజోడు పెట్టుకుని చీటీలన్నీ వరసగా చదివాడు. "ఉదాహరణలు బాగా కుదిరాయి. ఆఫీసంతా నమ్మింది. అయితే నలభై ఒకటి ఖాళీగా ఉందే?"

"రేపు ఇస్తాను సార్. మరి కుర్చీ..."

"హెచ్ గారు సొరుగు సర్దేసుకున్నారు కదా. వచ్చేసారి చూద్దాం." ఆయన కాస్త ఇబ్బందిగా అట్టపెట్టె వైపు చూశాడు. "కప్పులు ఉంచుకోండి. కొట్టువాడు వెనక్కి తీసుకోడు."

మర్నాడు జీ కాగితాల గదిలోనే కూర్చున్నాడు. ఒక కప్పులో కలాలు పెట్టుకున్నాడు. రెండోది ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల అవతలి అంచున ఉంచాడు. పదకొండింటికి కుర్చీ కిర్రుమనకుండా నెమ్మదిగా లేచి, మళ్లీ కూర్చున్నాడు. గోడకి అవతల నవ్వులు వినిపించాయి. ఇవాళ జోకేమిటో అతనికి తెలుసు.

ఒంటిగంటకి తలుపు మీద చప్పుడైంది. ఎస్ అక్క లోపలికి రాకుండా గడప మీదే నిలబడింది.

"ఇవాళ కుర్చీ మూగబోయిందేం తమ్ముడూ? టీ తాగలేదు నేను. ఆ ఖాళీ కప్పు నాకోసమేగా? లే, క్యారేజీ పట్టుకో. రేపు కూడా వస్తాను. రోజూ పిలిపించుకుంటావేమిటని విసుక్కుంటాను, ఏమనుకోకు."

భోజనం అయ్యాక జీ నలభై ఒకటో చీటీ రాశాడు. ఒక్క కొట్టివేత లేదు. 'రోజూ ఒంటిగంటకి అక్క నన్ను తీసుకెళ్లడానికి వస్తుంది.' వెనకవైపు బుస్కార్ అని రాసి సంపాదకుడికి పంపాడు.

సాయంత్రానికి చీటీ తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్రసిరాతో ఇలా ఉంది: 'కల్పించినట్టుంది. బతుకులోంచి రాయగలరు.'