గుల్లపేట ఖాళీ స్థలం

ఆ ఉదయం మోహనకృష్ణ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఎండ ముదరకముందే గుల్లపేట చేరడం, షామియానా కింద కుర్చీలు వేయించడం, రాబోయే పాతికేళ్ళలో జిల్లా ఎలా పెరగాలో, ఏ నేలను దేనికి వాడుకోవాలో ఆ ఊరి జనాన్ని అడిగి తెలుసుకోవడం, తిరుగు దారిలో శ్రీకూర్మంలో స్వామి దర్శనం చేసుకుని ఇల్లు చేరడం. జిల్లా ప్రణాళికా కార్యాలయంలో అధికారిగా అతడు అంతకుముందు నిర్వహించిన ప్రజాభిప్రాయ సభలకు ప్రజలు రాలేదు. అభిప్రాయాలు మాత్రం వచ్చాయి. వాటిని పంచాయతీ కార్యదర్శులే రాసి ఇచ్చారు. ఆ సభల ఫోటోలు చూసిన పై అధికారి యమున ఈసారి తానే స్వయంగా వస్తానంది. "కుర్చీలు నిండాలి మోహనకృష్ణగారూ. నిండకపోతే మీరు వెళ్ళి రికార్డుల గదిలో కూర్చోవచ్చు. అక్కడ ఒక్క కుర్చీయే ఉంది," అని కూడా అంది.

అందుచేత అతడు విశ్వవిద్యాలయంలో చదివిన ఒక పద్ధతిని గుర్తుచేసుకున్నాడు. కాగితం మీది పటాన్ని చూసి బెదిరే జనం, అదే పటాన్ని నేల మీద ముగ్గుపిండితో గీస్తే చుట్టూ చేరి నోరు విప్పుతారట. ఇళ్ళకు పసుపుపచ్చ, పొలాలకు ఆకుపచ్చ, వ్యాపారానికి ఎరుపు రంగుల పొట్లాలు కొని జీపులో వేయించాడు.

ఊరికీ సముద్రానికీ నడుమ విశాలమైన సిమెంటు గచ్చు ఒకటి ఉంది. తెల్లవారుజామునే ఊడ్చినట్టున్నారు, అద్దంలా ఉంది. ముసాయిదా ప్రణాళికలో దానికి 'ఖాళీ స్థలం' అని పేరు పెట్టి, హోటళ్ళకూ విహార కేంద్రానికీ కేటాయిస్తూ ఎర్రరంగు పూశారు. పటం గీయడానికి అంతకన్నా అనువైన చోటు కనబడలేదు. మోహనకృష్ణ ముసాయిదా ఫ్లెక్సీని పక్కనే రెండు కర్రలకు కట్టించి, పంచె ఎగ్గట్టినట్టుగా ప్యాంటు పైకి మడిచి గచ్చు మీద కూర్చున్నాడు.

మొదటగా వచ్చినది జగ్గమ్మ. ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. ఫ్లెక్సీని పైనుంచి కిందికి చూసింది.

"ఏటి బాబూ ఈ ఎర్రరంగు?"

"ఈ ఖాళీ స్థలమేనండీ. ఇక్కడ హోటళ్ళు వస్తాయి."

"కాళీ స్తలమేటి? ఇది మా సేపలారబెట్టుకునే గచ్చు. మా అత్త కాడి నుంచీ ఇక్కడే ఆరబెడతన్నాం. ఇది పోతే మా బతుకులేటి గావాల?"

"అభ్యంతరం ఉంటే సభలో చెప్పండి. నమోదు చేసుకుంటాను. సభ పెట్టేది అందుకే."

"ఇప్పుడు సెప్పినాను గదా?"

"ఇప్పుడింకా సభ మొదలవలేదండీ."

జగ్గమ్మ అతణ్ణి కాసేపు జాలిగా చూసి, సభ మొదలయ్యేదాకా నిలబడి చూడటానికే నిశ్చయించుకుంది.

పటం త్వరగానే రూపు దాల్చింది. పుస్తకం చెప్పినట్టే ఆడవాళ్ళు చుట్టూ మూగారు. వీధులు వచ్చాయి, బడి వచ్చింది, పడవల రేవు వచ్చింది. సరిగ్గా అసిరితల్లి గుడి దగ్గరికి వచ్చేసరికి పసుపుపచ్చ రంగు అయిపోయింది. దగ్గరి ఇంట్లోంచి కూర్మమ్మ పసుపు, కుంకుమ తెచ్చి ఇచ్చింది. మోహనకృష్ణ ఏ పనినీ సగంలో వదిలేవాడు కాదు. తడి ఇసుకను గోపురంలా ముద్ద చేసి, పసుపు పూసి, స్పష్టంగా కనబడాలని ఎదుట కుంకుమ బొట్టు పెట్టాడు. అసలు గుడి పక్కన వేపచెట్టు ఉన్నదని జ్ఞాపకం వచ్చి ఒక వేపమండ విరిచి పక్కనే నాటాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. పటం అంతటిలోకీ గుడే బాగా కుదిరిందనిపించింది.

ఆడవాళ్ళంతా చెంపలు వేసుకున్నారు.

"అయిపోనాది," అంది జగ్గమ్మ.

"ఏమైంది?"

"అమ్మోరిని కూకోబెట్టీసినావు బాబూ."

"అయ్యో, ఇది పటమండీ. గుడి ఇక్కడుందని గుర్తు."

"పసుపు రాసినావా? రాసినావు. కుంకం బొట్టెట్టినావా? ఎట్టినావు. యేపమండ నాటినావా? నాటినావు. ఇంకేటి మిగిలిపోనాది, డప్పు కొట్టడమేనా?"

"అయితే తీసేస్తాను." మోహనకృష్ణ చెయ్యి చాచాడు.

"తియ్యకండి సార్!" అని వెనకనుంచి ఒక కేక వినబడింది. అది జీపు డ్రైవరు గోవింద్‌ది. "తిరిగెల్లినప్పుడు ఆ జీపులో నానూ ఉంటాను సార్. నాకు పిల్లలున్నారు."

చాచిన చెయ్యి వెనక్కి వచ్చింది. ఆ తల్లిని లేపాలంటే గుళ్ళో పూజ చేసే గున్నమ్మే రావాలని, ఆమె కోటబొమ్మాళిలో కూతురింటికి వెళ్ళిందని, మధ్యాహ్నం బస్సుకు గానీ రాదని జగ్గమ్మ వివరించింది. "అందాకా ఈ గచ్చు మీదకి నీసు రాకూడదు. అమ్మోరి మొకాన పచ్చిసేపలు పరుస్తామేటి?"

సరిగ్గా అప్పుడే పడవలు ఒడ్డుకు చేరాయి. ఆ వేళ సముద్రం దయతలచినట్టుంది, పడవలన్నింటా నెత్తళ్ళే. నెత్తళ్ళు చిటికెన వేలంత చేపలు. వాటికి ఆగే ఓపిక ఉండదు. ఎండ తగలకపోతే పూట తిరిగేలోగా మెత్తబడి పాడైపోతాయి. తట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు గచ్చు అంచున ఆగి, పటాన్నీ జగ్గమ్మనూ మార్చి మార్చి చూశారు.

"ఎక్కడ జాగా ఉంటే అక్కడ పరిసీయండే," అంది జగ్గమ్మ.

మొదట ఊళ్ళోకి వచ్చే రోడ్డు నిండింది. తరవాత బడి ప్రహరీ గోడ, పంచాయతీ కార్యాలయం డాబా, చలివేంద్రం అరుగు నిండాయి. ఇంకా తట్టలు వస్తూనే ఉన్నాయి. కూర్మమ్మ చూపు షామియానా కిందికి పోయింది.

"ఈ కుర్సీల్లో ఎవులూ కూకోనేదు గదా?"

"అవి సభకమ్మా! జనం వస్తారు!" అన్నాడు మోహనకృష్ణ.

"జనమంతా సేపలారబెడతన్నారు బాబూ. ఇయి పరిసీడం అయితే గానీ జనం రారు. నీడలో ఆరవు గానీ, ఆ కుర్సీలిటు ఎండలోకి లాగండే!"

కుర్చీలు ఎండలోకి నడిచాయి. వరసలు చెదరకుండా, మర్యాదగా, ఒక్కొక్క కుర్చీలో ఒక్కొక్క తట్ట నెత్తళ్ళు ఆసీనమయ్యాయి. ముఖ్య అతిథి కోసం తెల్ల తువ్వాలు పరిచిన కుర్చీలో, నెత్తళ్ళతోపాటు వలలో పడ్డ కొద్దిపాటి కవ్వళ్ళు, కాస్త పెద్ద చేపలు కనుక, కూర్చున్నాయి. ముసాయిదా ఫ్లెక్సీ కర్రల మీదినుంచి దిగి నేల మీద వాలింది. పాతికేళ్ళ ప్రణాళిక మొత్తం వెండిరంగులోకి మారిపోయింది. జగ్గమ్మ జీపు బానెట్టు మీద చెయ్యి వేసి చూసింది.

"ఇంజిను ఏడిగా ఉన్నాది. బాగా ఆరతాయి. ఏటి తమ్ముడా, అలా సూస్తన్నావు?"

"గవర్మెంటు జీపు అప్పా ఇది!" అన్నాడు గోవింద్.

"మనదే అన్నమాట. ఇదిగో, ఈ కర్ర పట్టుకుని కాకుల్ని తోలు."

గోవింద్ తోలాడు. కాకులు కుర్చీల వైపు రావడంతో మోహనకృష్ణకు కూడా ఒక కర్ర దొరికింది. సభాధ్యక్షుడు ఆ కర్రతో వరసల మధ్య అటూ ఇటూ తిరుగుతుండగా యమున వచ్చింది. రోడ్డంతా నెత్తళ్ళే కావడంతో కారు ఊరి బయటే ఆగిపోయింది. చెప్పులు ఒక చేతిలోనూ, ఫైలు ఇంకొక చేతిలోనూ పట్టుకుని, చేపల మధ్య అడుగు దొరికిన చోట అడుగు వేసుకుంటూ ఆవిడ నడిచి వచ్చింది. కుర్చీల వైపు చూసింది. కూర్చోవడానికి చోటు లేదు.

"ఏమిటిది మోహనకృష్ణగారూ?"

అతడు కర్ర కిందికి దించి, జరిగినదంతా వరసగా విన్నవించాడు. ఆవిడ విని, చుట్టూ కలయజూసింది. రోడ్డు, గోడలు, డాబాలు, జీపు, అన్నీ చేపలే. వాటన్నిటి నడుమ సిమెంటు గచ్చు మాత్రం రంగుల ముగ్గుతో, పసుపు పూసిన గోపురంతో నిర్మలంగా ఉంది. ఆ పూట ఊరు మొత్తం మీద ఖాళీగా ఉన్నది ఆ ఖాళీ స్థలం ఒక్కటే.

"మన ముసాయిదాలో ఖాళీ స్థలం అని రాసింది దీన్నేనా?"

"దీన్నే మేడమ్. ఉపగ్రహ చిత్రంలో ఖాళీగానే ఉంది."

"ఆ చిత్రం ఏ నెలలోది?"

మోహనకృష్ణ ఫైలు తిరగేశాడు. "మే నెల, మేడమ్."

"మే నెలంటే సేపల ఏట ఆపీమన్న కాలం గదమ్మా," అంది జగ్గమ్మ. "గుడ్లెట్టే కాలమని మీరే ఆపీమంటారు. పడవలన్నీ ఒడ్డునుంటాయి, గచ్చు బోసిగుంటాది. అప్పుడు పొటో తీసీసి కాళీ అనీస్తే ఎలాగ? ఆదోరం నాడు పొటో తీస్తే మీ ఆపీసు మాత్రం కాళీగుండదేటి? అక్కడ హోటలెట్టీమంటే ఒప్పుకుంటారా?"

యమున నవ్వు ఆపుకోవాలని కొంత ప్రయత్నించింది. తరవాత, కూర్చోవడానికి వీల్లేదు కనుక నిలబడే, సభ మొదలైనట్టు ప్రకటించింది. జగ్గమ్మ ఉదయం చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. ఈసారి అది నమోదైంది. యమున ముసాయిదా ప్రతిలో 'ఖాళీ స్థలం' కొట్టేసి, 'చేపలు ఆరబెట్టు గచ్చు. వేరే వినియోగానికి ఇవ్వరాదని సిఫారసు' అని తన చేత్తోనే రాసింది. జగ్గమ్మ ఆ రాతను కూర్మమ్మ చేత పైకి చదివించుకుని మరీ తల పంకించింది.

గున్నమ్మ బస్సు దిగి వచ్చేసరికి సగం నెత్తళ్ళు ఆరిపోయాయి. ఆమె గచ్చు ఎక్కి, వంగి, ఇసుక గోపురాన్ని పరీక్షగా చూసింది.

"ఎవులు సేసినారిది? పిల్లలాటలాగున్నాది. అమ్మోరు గుళ్ళోనే ఉన్నాది, ఇప్పుడే దణ్ణమెట్టి వస్తన్నాను. నాను పిలవకుండా ఇసక ముద్దలోకి ఎలాగొస్తాదే?" అని, చీపురు అందుకుని పాతికేళ్ళ భవిష్యత్తును ఒక్క విసురుతో ఊడ్చేసింది.

మోహనకృష్ణ జగ్గమ్మ వైపు చూశాడు. ఆమె కుర్చీల్లో నెత్తళ్ళను తీరిగ్గా తిరగేస్తోంది.

"మీకు ఈ సంగతి తెలియదా?"

"నాను పూజారిని కాదు గదా బాబూ," అంది జగ్గమ్మ తల ఎత్తకుండానే. "ఇంద, ఓ పొట్లం నెత్తళ్ళు కట్టించినాను, ఇంటికట్టుకెల్లు. దార్లో స్వామి దర్సనానికి ఎల్తావని డైవరు సెప్పినాడు, గుళ్ళోకి మాత్రం అట్టుకెల్లకు, జీపులోనే ఉంచీ."

మర్నాడు అతడు సభ నివేదిక రాశాడు. హాజరు గురించి అడిగిన చోట కలం కొంతసేపు ఆగి, 'కుర్చీలన్నీ నిండాయి' అని రాసింది. యమున దాని మీద వెంటనే సంతకం చేసింది.